మా తొమ్మిది మంది మిరపకాయలకు రెండు రైలు పెట్టెలు ఇవ్వండి: రైల్వే బోర్డుకు బహిరంగ లేఖ

రైల్వే బోర్డు అధ్యక్షులు గారికి, సభ్యులకు, విశాఖ కేంద్రంగా ఏర్పడిన దక్షిణ కోస్తా జోన్ బాధ్యతలు చూసే అధికారులకు నమస్కారాలు.

నేను పల్నాడు జిల్లాలో, నరసరావుపేట దగ్గర ఒక పల్లెలో మిరప పండించే రైతును. మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. మా ఊళ్లో నాలాంటి వాళ్లం తొమ్మిది మందిమి కలిసి మా మిర్చిని రైల్లో కోల్‌కతా పంపాలని ఒక ప్రయత్నం చేశాం. అది ఎందుకు ఆగిపోయిందో మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎవరి మీదా కోపంతో రాయడం లేదు. కొంచెం సాయపడితే అయ్యే పని అది. ఆగిపోయిందే అన్న బాధ మాత్రం ఉంది.

మేం పండించిన కాయ మామూలుగా గుంటూరు మిర్చి మార్కెట్ యార్డుకు వెళ్తుంది. టిక్కీలు, అంటే నలభై కిలోల మిర్చి బస్తాలు, కొట్టు ముందు దింపుతాం. వ్యాపారి వచ్చి మచ్చు చూస్తాడు, కాయ విరిచి తేమ చూస్తాడు, ఒక ధర చెబుతాడు. ఆ ధర నచ్చకపోతే మాకు రెండే దారులు. కోల్డ్ స్టోరేజీలో పెట్టి అద్దె కట్టుకుంటూ ఎదురు చూడటం, లేదా అదే ధరకు ఇచ్చి ఇంటికి రావడం. 2025 సీజన్‌లో ధరలు పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చింది. అంతకు ముందు ఇరవై వేలు చూసిన కాయ అది. నల్ల తామర పురుగుతో పోరాడి, మందులకూ కోత కూలీలకూ ఖర్చుపెట్టి కల్లం చేర్చిన కాయ.

అప్పుడు మాలో ఒకాయన అన్నాడు, "బెంగాల్లో మన కాయ తింటారు కదా, మనమే అక్కడికి పంపితే ఏం?" అని. కోల్‌కతాలో ఒక టోకు వ్యాపారితో ఫోన్లో మాట్లాడాం. ఆయన తీసుకుంటానన్నాడు. మా తొమ్మిది మంది కాయ కలిపితే దాదాపు 40 టన్నులు. ఆయనకు అంతా ఒకేసారి అక్కర్లేదు. వారానికి ఇరవై టన్నుల చొప్పున రెండు విడతలు పంపమన్నాడు.

దగ్గర్లోని గూడ్స్ షెడ్డుకు వెళ్లి అడిగాం. అక్కడున్న ఆయన మర్యాదగానే మాట్లాడాడు. రేక్ అంటే నలభైకి పైగా వ్యాగన్లు, రెండున్నర వేల టన్నులు నింపాలి, చిన్న రేక్ అన్నా వెయ్యి టన్నులు దాటాలి అని చెప్పాడు. మాది నలభై టన్నులు. పార్సిల్ ఆఫీసుకు వెళ్లమన్నాడు. అక్కడికి వెళ్తే, ప్రయాణికుల రైలు పార్సిల్ పెట్టెలో మిరపకాయ ఎక్కిస్తే ఆ ఘాటుకు పక్క సరుకు పాడవుతుందని, పైగా మా స్టేషన్లో ఆ రైలు ఆగేది రెండు నిమిషాలేనని అన్నారు. రెండు నిమిషాల్లో నాలుగైదు వందల టిక్కీలు ఎక్కించడం ఏ హమాలీ ముఠా వల్లా కాదు. ఆ ఇద్దరూ చెప్పినది నిజమే. ఎవరినీ తప్పు పట్టను. రైల్వేలో మా సరుకుకు సరిపోయే గుమ్మం లేదు, అంతే.

చివరికి లారీ మాట్లాడాం. దారిలో వాన పడింది. పరదా పట్టా ఒక చోట చిరిగింది. పై వరసలో ముప్పై టిక్కీల దాకా తడిసి, దిగేసరికి కాయ నల్లబడింది. వ్యాపారి వాటిని తాలు, అంటే నాసి కాయ, ధరకే తీసుకున్నాడు. లారీ ఆఫీసు వాళ్లు బిల్టీ (సరుకు రసీదు) మీద చిన్న అక్షరాల్లో రాసిన షరతు చూపించి తమ బాధ్యత కాదన్నారు. రెండో విడత పంపడానికి మాలో ఎవరికీ ధైర్యం రాలేదు. మిగిలిన కాయ మళ్లీ యార్డుకే తోలాం.

మా నాన్న చెప్పే మాట ఒకటి ఇక్కడ రాయాలి. మా తాత మీటర్‌గేజీ రోజుల్లో నరసరావుపేట స్టేషన్‌కు బండి మీద పొగాకు, మిరపకాయ తోలేవాడట. అప్పట్లో ఒక్క వ్యాగన్ బుక్ చేసుకోవచ్చు. వ్యాగన్ నిండకపోతే నాలుగు బస్తాలైనా సరే, రసీదు రాసి తీసుకునేవారు. ఆ వ్యాగన్ గుంతకల్లులో ఒక బండి నుంచి విప్పి ఇంకో బండికి తగిలించేవారు. సరుకు చేరడం ఆలస్యమయ్యేది. కానీ చేరేది.  సదరన్ మరాఠా రైల్వే రోజుల్లో పశ్చిమాన మార్ముగావ్ రేవు నుంచి గుంతకల్లు మీదుగా బెజవాడ దాకా పట్టాలు ఉండేవి. లోపలి జిల్లాల పంట ఆ దారినే సముద్రం దాకా చేరేది.

1980ల తర్వాత రైల్వే ఆ పద్ధతి మానుకుంది. వ్యాగన్లు విప్పి తగిలించే యార్డుల్లో రోజుల తరబడి సరుకు నిలిచిపోతోందని, ఒకచోట బయలుదేరిన రేక్ మొత్తం ఒకేచోట దిగాలని నిర్ణయించారు. చిన్న గూడ్స్ షెడ్లు చాలా మూతపడ్డాయి. బొగ్గుకూ, సిమెంటుకూ, ఎరువులకూ అది మంచి నిర్ణయం. కరెంటు కేంద్రాలకు బొగ్గు వేగంగా చేరిందంటే దానివల్లే. 2023-24లో రైల్వే 159 కోట్ల టన్నుల సరుకు మోసింది. అందులో దాదాపు సగం, 78 కోట్ల టన్నులకు పైగా, బొగ్గే. ఇంత పని చేస్తున్న సంస్థను నేను తక్కువ చేసి మాట్లాడలేను.

కానీ ఆ ఒక్క నిర్ణయంతో నాలుగు బస్తాల మనిషి, ఒక్క వ్యాగన్ మనిషి, ఇద్దరూ రోడ్డు మీదికి వెళ్లిపోయారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో కదిలే సరుకులో 85 శాతానికి పైగా రైలు మీదే వెళ్లేది. ఇప్పుడది 30 శాతం లోపే. మీ జాతీయ రైలు ప్రణాళికలోనే 2030 నాటికి దాన్ని 45 శాతానికి పెంచాలని రాసుకున్నారు. ఆ పెంపు ఎక్కడి నుంచి వస్తుంది? బొగ్గు ఇప్పటికే మీ దగ్గర ఉంది. రోడ్డు మీదికి పోయిన సరుకే వెనక్కి రావాలి. రోడ్డు మీదికి పోయింది మాలాంటి వాళ్ల సరుకు.

ఇది కుదరని పని కాదని మీరే ఒకసారి చేసి చూపించారు. 2020 జూలైలో, లాక్‌డౌన్‌తో రోడ్డు మార్గాలు, సరిహద్దు వ్యాపారం దెబ్బతిన్న రోజుల్లో, గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు ఎండుమిర్చితో ఒక ప్రత్యేక పార్సిల్ రైలు వెళ్లింది. దేశం సరిహద్దు దాటిన తొలి ప్రత్యేక పార్సిల్ రైలు అదేనని అప్పుడు రైల్వే శాఖే ప్రకటించింది. దాదాపు 384 టన్నుల కాయ. పదమూడు వందల కిలోమీటర్లు దాటిన ప్రయాణం. అంతకు ముందు గూడ్స్ రైల్లో పంపాలంటే ఒక్కో విడతకు కనీసం పదిహేను వందల టన్నులు కావాలి, అంత సరుకు అందరి దగ్గరా ఉండదు కాబట్టి ఐదు వందల టన్నుల లోపు పంపుకునే వీలు కల్పించాం అని కూడా చెప్పారు. మా గుంటూరు డివిజన్ అధికారులూ సిబ్బందీ రైతుల దగ్గరికీ వ్యాపారుల దగ్గరికీ వెళ్లి మాట్లాడి ఒప్పించారు. వాళ్లకు ఇప్పటికీ మేం రుణపడి ఉన్నాం.

ఆ రోజు మీరు చెప్పిన కిరాయి లెక్కలు నేను కాగితం మీద రాసి పెట్టుకున్నాను. రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయలు, ఆ రైల్లో 4,608 రూపాయలు. తేడా 2,392. నలభై కిలోల టిక్కీకి లెక్కేస్తే 95 రూపాయలు. 384 టన్నులకు తొమ్మిది లక్షల రూపాయల పైన. ఈ ఐదారేళ్లలో కిరాయిలు మారి ఉంటాయి. కానీ రైలుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఎడం పోయి ఉండదని నా నమ్మకం. టిక్కీకి 95 రూపాయలంటే ఢిల్లీలో చిన్న మొత్తమే కావచ్చు. మా ఊళ్లో వంద టిక్కీలు పండించిన వాడికి అది తొమ్మిదిన్నర వేలు. ఒక కోతకు కూలీల డబ్బులో కొంత వస్తుంది.

ఈ మిగులు రైతుకు రాదు, మధ్యలో వ్యాపారి జేబులోకి పోతుంది అని మీలో ఎవరైనా అనుకోవచ్చు. కొంత నిజమే. నేను ఆ మాట దాచను. అయితే ఈరోజు దూరం పంపగలిగే వాళ్లు పది మందే కాబట్టి ధర చెప్పేదీ ఆ పది మందే. రెండు పెట్టెల సరుకు ఉన్న ప్రతివాడూ పంపగలిగితే, యార్డులో మచ్చు చూసి ధర చెప్పే వాళ్ల సంఖ్య పెరుగుతుంది. మేం తొమ్మిది మందిమే ఒక కొనుగోలుదారుతో సమానం అవుతాం. యార్డులో ధర నచ్చకపోతే పంపే చోటు ఇంకొకటి ఉందని వ్యాపారికి తెలిస్తే చాలు, ఆయన మాట తీరే మారుతుంది.

దేశానికి కూడా ఇది చిన్న సంగతి కాదు. మన మసాలా ఎగుమతుల్లో అన్నిటికంటే ఎక్కువ బరువు మిర్చిదే. 2023-24లో 6 లక్షల టన్నుల దాకా బయటికి వెళ్లింది, విలువ 12 వేల కోట్ల రూపాయల పైన. మన కాయ చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయ్‌లాండ్, ఇండోనేషియా, మలేషియాకు పోతుంది. ఇందులో పెద్ద భాగం మా గుంటూరు, పల్నాడు, ప్రకాశం, ఆ పక్కన ఖమ్మం నుంచి వచ్చిందే. అది జాతీయ రహదారి మీద లారీల్లో చెన్నై వైపు పోయి రేవుల ముందు వరస కడుతుంది. గుంటూరు నుంచి చెన్నై నాలుగు వందల కిలోమీటర్లు. మా జిల్లాల పక్కనే కృష్ణపట్నం రేవుంది. ఆ రేవుకు రైలు దారి కోసం ఓబులవారిపల్లె వైపు నుంచి వెలిగొండల్లో ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి 2019లో ప్రారంభించారు. ఆ వార్త చదివినప్పుడు గర్వంగా అనిపించింది. అంతకు చాలా ముందే, 1960ల్లో, బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకు పంపడానికి అనంతగిరి కొండల్లో పదుల కొద్దీ సొరంగాలు తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను వేశారు. రైల్లో అరకు చూడటానికి వెళ్లిన ప్రతివాడూ ఆ లైను మీదే వెళ్తాడు. అది సరుకు లైను అన్న సంగతి చాలామందికి తెలియదు. వ్యాపారం ముఖ్యం అనుకుంటే మన రైల్వే కొండలను కూడా తొలిచింది. మేం కొండలు తొలవమనడం లేదు.

కొత్త లైన్ల మాట కూడా ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. నడికుడి–శ్రీకాళహస్తి లైను 2011-12లో మంజూరైంది, 309 కిలోమీటర్లు. పల్నాడు నుంచి దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా పోయే ఆ దారంతా మిరప, పొగాకు, కంది పండే మెట్ట. ముక్కలు ముక్కలుగా తప్ప పూర్తిగా ఇంకా అందుబాటులోకి రాలేదు. ఖరగ్‌పూర్ నుంచి విజయవాడ దాకా సరుకు రైళ్లకే ప్రత్యేకమైన తూర్పు తీర కారిడార్ గురించి 2021-22 బడ్జెట్‌లో విన్నాం. హౌరా–చెన్నై మెయిన్ లైను మీద రద్దీ ఎంతుందో మీకు నేను చెప్పాలా? అవి రావాలి, త్వరగా రావాలి. కానీ అవి వచ్చేదాకా ఆగనవసరం లేని పని ఒకటుంది. దాని కోసమే ఈ లేఖ.

డిసెంబరు చివరి నుంచి మే దాకా, మిర్చి సీజన్ ఉన్న ఐదు నెలలు, గుంటూరు ప్రాంతం నుంచి హౌరా వైపు వారానికి ఒక్క పార్సిల్ రైలు నడపండి. రెడ్డిపాలెమైనా సరే, నల్లపాడైనా సరే, ఎక్కడ లోడింగుకు వీలుంటే అక్కడి నుంచి. ఫలానా వారం, ఫలానా గంటకు బయలుదేరుతుందని సీజన్ మొదట్లోనే చెప్పండి. నిండినా నిండకపోయినా ఆ గంటకు బయలుదేరాలి. మొదటి రెండు మూడు వారాలు సగం ఖాళీగా పోవచ్చు. బస్సు కూడా కొత్త రూటు వేసిన వారం ఖాళీగానే తిరుగుతుంది. ఇవాళ వస్తుందో రాదో తెలియని రైలు కోసం ఎవడూ కాయ బస్తాలకెత్తడు, ఏ వ్యాపారీ బయానా పంపడు. మాకు తక్కువ కిరాయి కంటే ముందు కావలసింది రైలు వస్తుందన్న నమ్మకం.

బుకింగ్ ఒక పెట్టె చొప్పున ఉండాలి. పెట్టె నింపలేని వాడికి బస్తా చొప్పున కూడా. 2020లో కిసాన్ రైళ్లు మొదలుపెట్టినప్పుడు కనీస బరువు షరతు లేకుండా మీరు తీసుకున్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి టమాటాలు, అరటి, బత్తాయి, మామిడి తీసుకుని రైలు వెళ్లిన రోజు మా ఊళ్లో టీవీ ముందు కూర్చుని చూశాం. దక్షిణాదిలో అదే మొదటిది. పండ్లకూ కూరగాయలకూ కిరాయిలో సగం రాయితీ ఇచ్చారు. తర్వాత తర్వాత ఆ రైళ్ల మాట వినపడటం తగ్గిపోయింది. రాయితీ ఉన్నన్నాళ్లే నడిచే రైలు మాకు వద్దు. ఖర్చు వచ్చేలా కిరాయి పెట్టండి, కట్టుకుంటాం. అది లారీ కంటే కాస్త తక్కువగా ఉంటే చాలు.

తిరుగు ప్రయాణం ఖాళీగా వస్తుంది, నష్టం అంటారని తెలుసు. గూడ్స్ షెడ్డులో ఆయన కూడా అదే అన్నాడు. దీని మీద మేం కొంత ఆలోచించాం. మా మిర్చి నింపే గోనె సంచులు ఎక్కడివి? హుగ్లీ ఒడ్డున జూట్ మిల్లులవి. సీజన్‌కు ముందు ఈ జిల్లాలకు లక్షల సంచులు కావాలి. బెంగాల్ బంగాళాదుంప కూడా ఇటు వస్తుంది. ఇటు నుంచి మిర్చి ఒక్కటే కాదు, కైకలూరు, ఆకివీడు, భీమవరం చేపలు ఐసులో పెట్టి రోజూ హౌరాకే పోతాయి కదా. విజయవాడలో చేపలకు రెండు పెట్టెలు తగిలిస్తే రైలుకు మరికొంత బలం. ఈ లెక్కలు మాకంటే మీ కమర్షియల్ విభాగానికి బాగా తెలుసు. వాళ్లు ఒక్కసారి మా యార్డుకూ, ఆ చేపల మార్కెట్లకూ వచ్చి కూర్చుంటే కాగితం మీద కాదు, మనుషుల నోటి నుంచే సరుకు ఎంతుందో తెలుస్తుంది.

షెడ్డు సంగతి కూడా చూడండి. నేను వెళ్లిన చోట సిమెంటు దించిన నేల మీదే తర్వాతి సరుకు దించుతున్నారు. పైన రేకులు ఎగిరిపోయి ఆకాశం కనిపిస్తోంది. మిరపకాయ బతుకంతా తేమ మీద ఆధారపడి ఉంటుంది. పది పదకొండు శాతం దాటితే బూజు పడుతుంది, బూజు పడిన కాయను విదేశీ కొనుగోలుదారు ముట్టుకోడు. ఒక కప్పు, శుభ్రమైన నేల, ఒక కాటా, ముఠా వాళ్లు కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్లు. ఘాటుకు దగ్గుతూ బస్తాలు మోసే మనుషులు వాళ్లు. వాళ్ల కోసం అడగడానికి నాకు మొహమాటం లేదు.

లారీ వాళ్లకు వ్యతిరేకంగా రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. మా బావమరిది లారీ డ్రైవరే. కోల్‌కతా ట్రిప్పు అంటే ఇంటికి రావడానికి పది రోజులు. బంగ్లాదేశ్ సరిహద్దులో పెట్రాపోల్ దగ్గర పార్కింగ్‌లో రోజుల తరబడి వంట చేసుకుంటూ పడిగాపులు కాసిన సంగతి మా చెల్లెలికి తెలుసు. రైలు వస్తే ఊరి నుంచి షెడ్డు దాకా, అటు షెడ్డు నుంచి మార్కెట్ దాకా లారీలే తోలాలి. చిన్న ట్రిప్పులు, రాత్రికి ఇల్లు. అలా అయితే తనకూ నయమే అంటాడు వాడు.

కొత్త జోన్ గురించి విశాఖలో చాలా ఆశ ఉంది. మా గుంటూరు, గుంతకల్లు, విజయవాడ డివిజన్లు అందులోకే వస్తాయన్నారు. జోన్ వచ్చాక ఎంత బొగ్గు మోశారో, ఎంత ఖనిజం మోశారో పత్రికల్లో వస్తుంది. దాని పక్కన ఇంకో వరస కూడా వెయ్యమని కోరుతున్నాను: వెయ్యి టన్నుల లోపు సరుకు ఉన్న వాళ్లు ఎంతమంది ఈ ఏడాది రైలెక్కించారు అని. ఆ అంకె మొదటి ఏడాది చిన్నదైనా మేం ఏమీ అనుకోం.

రాష్ట్ర ప్రభుత్వానికీ ఇదే లేఖ నకలు పంపుతున్నాం. షెడ్డు దాకా రోడ్డు, రైతు సంఘాలను ఒక చోట కూర్చోబెట్టి సరుకు పోగుచేసే పని వాళ్లది. మార్కెట్ కమిటీ ఒక మనిషిని పెడితే, ఏ వారం ఎవరి దగ్గర ఎన్ని టిక్కీలు ఉన్నాయో ముందే లెక్క చెప్పగలం.

జనవరి మూడో వారానికి మా రెండో కోత కాయ కల్లంలో ఎండుతూ ఉంటుంది. నెలాఖరుకు టిక్కీలకెత్తుతాం. మా తొమ్మిది మంది దగ్గరా కలిపి రెండు పెట్టెలకు సరిపోయే కాయ ఉంటుంది. కోల్‌కతా వ్యాపారితో మొన్న మళ్లీ మాట్లాడాం, తీసుకుంటానన్నాడు. ఏ షెడ్డుకు తేవాలో, ఏ రోజు తేవాలో మాకు చెప్పండి. ముందు రోజు రాత్రే వచ్చి ఉంటాం.

ఇట్లు,
నరసరావుపేట ప్రాంత మిర్చి రైతు, మరో ఎనిమిది మంది తరఫున